మా ఆయన నడుము, మండపేట స్ప్రింగులు

గోదావరి జిల్లాలకు వెళ్ళొచ్చామనగానే మా అనంతపురంలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న, "పులస తిన్నారా?" అని. తినలేదు. మేం వెళ్ళింది వరికోతల కాలంలో. పులస దొరికే రోజులు కావవి. పాపికొండలు చూశారా అంటే అదీ లేదు. "మరేం చూసొచ్చినట్టు?" అని మా కాలేజీ స్టాఫ్ రూములో నిలదీస్తే, "కార్ల కింద చూసొచ్చాం" అన్నాను. అందరూ నవ్వారు. నేను చెప్పింది మాత్రం అక్షరాలా నిజం.

నేను జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతాను. నాకో ఎర్ర కారుంది. రెండే తలుపులు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే ఒక్క ఉదుటున దూకే గుణం. సెకండ్ హ్యాండులో కొన్నాను. ఆ మోడల్ తయారీ ఆపేసి చాలా కాలమైంది. కొన్న కొత్తలో మోజు కొద్దీ దానికి పొట్టి స్ప్రింగులు వేయించాను. అవేంటో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: అవి వేస్తే కారు చక్రాల మీదికి ఇంకాస్త దిగుతుంది, మలుపుల్లో ఊగదు, చూడ్డానికి అదిరిపోతుంది. బదులుగా రోడ్డు మీది ప్రతి గుంతా లోపల కూర్చున్నవాళ్ళ వెన్నుపూసకు తెలుస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన పొడుగు స్ప్రింగులను గ్యారేజీవాడు అప్పుడే పాత ఇనుముకు వేసేశాడు. అవి మళ్ళీ కావాల్సి వస్తాయని ఎవరనుకున్నారు?

మా ఆయన ప్రసాద్‌కు డిస్కు జారాక కావాల్సి వచ్చాయి. ఎక్కడ వెతికినా దొరకలేదు. ఆయన ఊళ్ళో తిరగడానికి ఆటో ఎక్కుతున్నారు, నా కారు మాత్రం ఎక్కడం లేదు. "ఇది కారు కాదు సుధా, నాకు సవతి" అనడం మొదలుపెట్టారు. ఒక్కదాన్నే వెళ్ళొచ్చు, కాదనను. కానీ పక్క సీట్లో కూర్చుని దారి పొడవునా ఊళ్ళ పేర్ల బోర్డులు పైకి చదివే మనిషి లేకపోతే నాకు ప్రయాణం చేసినట్టే ఉండదు. ఆ మోడల్ ఉన్నవాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులోని గోదావరి జిల్లాల వాళ్ళు "ఒకసారి మా వైపు రండి" అని పిలుస్తూనే ఉన్నారు. చివరికి ఆయనతో నేనే అన్నాను: "ఈ ఒక్క ప్రయాణం రండి. తిరిగొచ్చేసరికి మీ నడుము ఒప్పుకోకపోతే కారు అమ్మేస్తాను." కారుకు బేరం తెచ్చానంటూ ఒక బ్రోకరు అప్పటికే రెండు వారాలుగా ఫోన్లు చేస్తున్నాడు. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, వేడినీళ్ళ సంచీ సర్దుకోవడానికి లేచారు.

రాజమండ్రి

రాజమండ్రి చేరేసరికి మా ఆయన హోటలు గదిలో మంచం వదిలేసి నేల మీద వెల్లకిలా పడుకున్నారు. పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తూ, "గోదావరి ఎట్లుంది?" అని అడిగారు. బ్రిడ్జి మీద కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టుకుని కూర్చున్న మనిషి మరి! కిటికీ తెర తీసి చూపించబోయాను. లేవలేకపోయారు. మొదటి మజిలీలోనే తీర్పు వచ్చేసినట్టనిపించింది.

మర్నాడు పొద్దున టిఫిన్ సెంటర్ దగ్గర కలుద్దామన్నారు. మేం వెళ్ళేసరికి మా కారుకు తోబుట్టువులు రెండు రోడ్డు వార నిలబడి ఉన్నాయి. పసుప్పచ్చది మురళి గారిది, రాజమండ్రిలో బట్టల కొట్టు ఉంది. నీలంది రాజు గారిది, మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులు. ఇద్దరూ నన్ను దాటి నేరుగా మా ఆయన దగ్గరకెళ్ళి చేతులు పట్టుకున్నారు.

"రండి సార్, రండి! గ్రూపులో మీ మెసేజులు చదువుతుంటామండి. క్లచ్ గురించి ఎంత బాగా రాశారండీ!"

"ఆమె రాసింది," అన్నారు మా ఆయన. "నాకు బానెట్ ఎట్ల తీయాల్నో గూడా తెలీదు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. గ్రూపులో నా పేరు పక్కన కారు ఫోటోనే ఉంటుంది, మనిషిది ఉండదు. రాజు గారు రెండు చేతులూ జోడించి, "బాబోయ్, తప్పయిపోయిందండి మేడమ్ గారూ! క్లచ్ గురించి మమ్మల్నందర్నీ ఉతికి ఆరేసింది మీరా!" అన్నారు. ఆ క్షణం నుంచి వాళ్ళకు నేను అక్కనైపోయాను.

పెసరట్టులో ఉప్మా పెట్టి, పక్కన అల్లప్పచ్చడి వేసి ఇచ్చారు. మా ఊళ్ళో ఇద్దరం బొరుగుల ఉగ్గాని, బజ్జీ తినే డబ్బుకు ఇక్కడ ఒక్క పెసరట్టు వస్తుంది. కానీ ఒక్కటి తిన్నాక మధ్యాహ్నం వరకూ ఆకలి గుర్తురాదు. డబ్బులివ్వబోతే మురళి గారు నా చెయ్యి పక్కకు తోసి, "మా ఊరొచ్చి మీరిస్తే మమ్మల్ని ఊళ్ళో ఉండనిస్తారాండీ?" అన్నారు. మా సీమలో కూడా అతిథికి పెడతారు, ప్రాణం పెడతారు. అయితే పెట్టేటప్పుడు ఇంత మాట్లాడరు.

ఆ తరవాత రోడ్డు మీదే సభ మొదలైంది. మూడు బానెట్లు లేచాయి. ఇంజనాయిల్ ఏ గ్రేడు, ఎన్నాళ్ళకొకసారి, టైమింగ్ బెల్టు ఎక్కడ దొరుకుతుంది, ఉప్పుగాలికి కింది రేకు తుప్పు పట్టకుండా ఏం పూయాలి. మురళి గారిది జాగ్రత్తపరుడి పద్ధతి. కారు బయటకు తీసిన ప్రతిసారీ అడుగుభాగం నీళ్ళతో కడిగిస్తారట. రాజు గారిది సరదా పద్ధతి. స్ప్రింగులు పొట్టివి, గాలి పీల్చే ఫిల్టరు పెద్దది, సైలెన్సరు ఊరు లేపేది.

"ఆ సౌండుకి మీ రొయ్యలు మేత మానేశాయటగా?" అన్నారు మురళి గారు.

"మానలేదండి. సౌండు వినపడగానే నేనొచ్చానని గట్టు దగ్గరకొచ్చేస్తున్నాయి," అన్నారు రాజు గారు, మొహంలో నవ్వన్నది లేకుండా. గోదావరి ఎటకారం గురించి వినడమే గానీ, పక్కన నిలబడి చూడడం అదే మొదటిసారి.

మా ఆయన నడుము సంగతి చెప్పాను. తిరిగెళ్ళాక కారు అమ్మకానికి పెట్టాల్సి రావచ్చనీ చెప్పాను. ఇద్దరి మొహాలూ చిన్నబోయాయి. టైర్లలో గాలి కాస్త తగ్గించమన్నారు మురళి గారు. తగ్గిస్తే రిమ్ములు వంగుతాయన్నారు రాజు గారు. షాకబ్జార్లు మార్చి చూడమని ఒకరు, స్ప్రింగులు అవే ఉంటే షాకబ్జార్లేం చేస్తాయని ఇంకొకరు. సీటు కింద మెత్త పెట్టమన్నారు. పెట్టి చూశాం, తల కప్పుకు తగులుతోంది. చివరికి రాజు గారు ఎందుకో మాట తుంచేసి, "పొడుగు స్ప్రింగులుంటేనే మందండి, వేరేది లేదు," అని బానెట్ వేసేశారు. మురళి గారు ఆయన వైపు ఒక చూపు చూశారు. అదేంటో నాకప్పుడు అర్థం కాలేదు.

ద్రాక్షారామం

మండపేటలో మా గ్రూపు పెద్దాయన ఉన్నారు, శేషగిరి గారు. రైస్ మిల్లు ఆయనది. "టిఫిన్‌కి నేను రాను, భోజనానికి మీరు రండి" అని ముందే మెసేజ్ పెట్టారు. ఆ లోపల భీమేశ్వరస్వామి దర్శనం చేసుకొద్దామని మూడు కార్లూ వరసగా బయలుదేరాం. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ముందు పసుప్పచ్చది, దాని వెనక నీలంది, ఆఖరున మాది, ఒకదాని తరవాత ఒకటి ఏటవాలుగా తిరిగి మెల్లగా ఎక్కి దిగేవి. కిందికి దిగిన కార్లు నేరుగా వెళ్తే పొట్ట గీరుకుంటుంది. సైకిల్ మీద వెళ్తున్న పెద్దాయన ఒకాయన ఆగి మరీ చూశాడు. మా ఆయన ఒక చేత్తో నడుము పట్టుకునే బోర్డులు చదువుతున్నారు. ఊరు దాటాక కాసేపటికి చదవడం మానేశారు.

ద్రాక్షారామంలో లింగం రెండంతస్తుల ఎత్తు. కింద కొంత చూసి, మెట్లెక్కి పైన మిగతాది చూడాలి. మా ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తీసి, "నువ్వు పోయి రా," అన్నారు. పూజారి గారు అది గమనించి, "కిందున్నదీ ఆయనేనండి, పైనున్నదీ ఆయనే. ఎక్కడి నుంచి దణ్ణం పెట్టినా అందుతుంది," అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో! నేను పైకెళ్ళి కళ్ళు మూసుకున్నాను. మోక్షం అడగాల్సిన చోట సిగ్గు లేకుండా నాలుగు స్ప్రింగులు అడిగాను.

కాలవ గట్టు మీద

తిరుగుదారిలో మురళి గారు కాలవ గట్టు రోడ్డు పట్టించారు. నిండుగా పారుతున్న నీళ్ళను రోడ్డు పక్కనే చూస్తూ కారు నడపడం మాలాంటి వాళ్ళకు ఎంత పండగో మీకు తెలియదు. మేం ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టేవాళ్ళం. మా ఆయన కూడా నొప్పి మరిచి, "ఇన్ని నీళ్ళు చూస్తూ వీళ్ళకు కోపమెట్లొస్తుందే?" అన్నారు.

ఆ కోపం ఎలా వస్తుందో కాసేపటికే చూశాం.

రోడ్డుకు ఒక సగం పొడవునా బంగారు రంగులో వడ్లు పరిచి ఉన్నాయి. అంచున అక్కడక్కడా రాళ్ళు పెట్టారు. మా వైపు ఉలవలు, కందులు కోశాక కట్టెతో సహా రోడ్డు మీద వేస్తారు. బస్సులూ లారీలూ వాటి మీద నుంచి పోతే కాయలు చిట్లి గింజలు రాలతాయి. మనం పక్క నుంచి పోతే రైతు బాధపడతాడు కూడా, తొక్కించి పొమ్మని చెయ్యి ఊపుతాడు. ముందున్న ఇద్దరూ వడ్లు తప్పించి అటు పక్కగా వెళ్ళిపోయారు. వీళ్ళకేమైంది, రైతుకు కాస్త సాయం చేయకూడదా అనుకుని, నేను రాళ్ళ మధ్య సందు చూసి కారు నేరుగా వడ్ల మీదికి ఎక్కించాను.

"అమ్మమ్మమ్మ! ఆపండి! ఆపండంటుంటే!" అంటూ ఒకావిడ చెయ్యి పైకెత్తి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఆవిడ పేరు సత్యవతి అని తరవాత తెలిసింది. "ఏంటండీ ఇది? రోడ్డంతా వదిలేసి నా వడ్ల మీదే ఎక్కించాలా?"

దిగి చెప్పాను, మా వైపు ఉలవలు తొక్కిస్తారని, అందుకే సాయం చేద్దామనుకున్నానని.

"ఉలవలేంటండీ! ఇవి వడ్లు! ఆరడానికి పోశాం గానీ తొక్కడానిక్కాదు! తొక్కితే నూకలైపోవూ?" అని నడుం మీద చేతులు పెట్టుకుంది. అంతలో ఆవిడ చూపు కారు ముందు భాగం మీద పడింది. నేలను రాసుకుంటూ ఉండే మా బంపరు వడ్లను తోసుకుంటూ పోయి, లోపలికి కూడా నింపుకుంది. సత్యవతి గారు వంగి చూసి, పకపకా నవ్వేసింది. "చేటతో ఎత్తినట్టు ఎత్తేసిందండి మీ కారు!"

మురళి గారూ రాజు గారూ వెనక్కొచ్చారు. ఇస్త్రీ చొక్కాలతోనే రోడ్డు మీద పడుకుని, బంపరు సందుల్లోంచి గుప్పెళ్ళతో వడ్లు తీశారు. నేను కూడా కూర్చుని తీశాను. రాజు గారు సైలెన్సరుకు చుట్టుకున్న గడ్డి పోచ ఒకటి లాగి, "ఇది అక్కడే ఉంటే కాసేపటికి పొగొచ్చేదండి అక్కా," అని చూపించారు. మా ఆయన వంగలేరు కాబట్టి ఆవిడిచ్చిన చేట పట్టుకుని నిలబడ్డారు. సత్యవతి గారు ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"ఏంటి బాబూ, అలా నిలబడ్డారు?"

"నడుము నొప్పమ్మా. డిస్కు."

"డిస్కుందని తెలిసీ ఇంత కిందకున్న కారులోనా?" ఆవిడ నా వైపు తిరిగింది. "ఏమ్మా, మొగుణ్ణి ఏం చేద్దామని?"

రాజు గారు దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, మనసూ చివుక్కుమంది. నష్టానికి ఏమైనా ఇస్తానంటే, "గుప్పెడు వడ్లకి డబ్బులేంటండీ, ఎల్లండి ఎల్లండి," అని కసిరి, ఉడకబెట్టిన తేగలు ఒక కట్ట మా సీట్లో పడేసింది. తాటి టెంకలు మట్టిలో పాతితే వచ్చే మొలకలవి. పీచు తీసి నమిలితే కమ్మగా ఉంటాయి. పిల్లలకు మొలకల పాఠం చెబుతూనే ఉంటాను గానీ, ఆ మొలకను నోట్లో పెట్టుకోవడం ఇదే మొదలు.

మండపేట

మండపేటలో లారీలూ ట్రాక్టర్లూ ఎటు చూసినా వడ్ల బస్తాలతోనే ఉన్నాయి. శేషగిరి గారి ఇల్లు మిల్లును ఆనుకునే ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంటారు, తక్కువ మాట్లాడతారు. ఆయన భార్య కామేశ్వరి గారు ఆ లోటు తీరుస్తారు. మా ఆయన నడక చూడగానే ఆవిడ కింద వేసిన పీట తీయించేసి, కుర్చీ వేయించి, వీపుకు దిండు పెట్టించారు. ఆయన ఒక్కరే కుర్చీలో కూర్చుంటే బాగుండదని మా అందరికీ కుర్చీలే తెప్పించారు. అడగకుండానే ఇన్ని చూసుకునేవాళ్ళుంటే కళ్ళు చెమర్చవా?

కంద బచ్చలి కూర ఆవ పెట్టి చేశారు. పనసపొట్టు, ముక్కల పులుసు, గడ్డ పెరుగు. మా ఇంట్లో ఒక కూర, ఒక పప్పు ఉంటే అది పెద్ద భోజనం. ఇక్కడ ఆకులో చోటు అయిపోయినా వడ్డన అవ్వలేదు. "ఇంకొంచెం వేసుకోండి, మీరేం తినట్లేదు" అన్న మాట ఎన్నిసార్లు విన్నామో లెక్కే లేదు.

పెరుగన్నం కలుపుతూ నా గోడు చెప్పాను. ఎన్ని ఊళ్ళు వెతికానో, పొడుగు స్ప్రింగులు ఎక్కడా లేవనీ, తిరిగెళ్ళాక కారు అమ్మేయాలనీ. శేషగిరి గారు తల ఎత్తలేదు. మురళి గారు మంచినీళ్ళు తాగుతున్నారు. కామేశ్వరి గారు గరిటె పట్టుకుని ఆగిపోయారు.

"అదేంటండీ, మన ఊక గదిలో ఉన్నాయి కదా?" అన్నారు భర్తతో. "మీరు కొత్తవి వేయించిన రోజు, పాతవి పారేయడానికి వీల్లేదని నేనే కదా పట్టుబట్టింది! మగాళ్ళ సరదా ఎన్నాళ్ళుంటుందో ఎవరికి తెలుసని!"

శేషగిరి గారు మెల్లగా అన్నారు: "ఉన్నాయి. కానీ అవి రాజు గారికిస్తానని మాటిచ్చేశాను."

అప్పుడర్థమైంది నాకు, రాజమండ్రిలో మురళి గారి చూపు. రాజు గారికి ఆ స్ప్రింగులు సరదాకు కాదు. ఆయన ఇల్లు చెరువుల మధ్య ఉంది. మట్టి గట్టు మీద కిలోమీటరుకు పైగా వెళ్ళాలి. పొట్టి స్ప్రింగులతో కారు గట్టెక్కదు. రెండుసార్లు అడుగున ఇంజనాయిల్ నిలిచే సంపు పగిలిందట. కారు మెయిన్ రోడ్డు మీద తెలిసినవాళ్ళ పాకలో పెట్టి, ఇంటికి మోటారు సైకిల్ మీద వెళ్తున్నారు. శేషగిరి గారిని చాన్నాళ్ళు బతిమాలి ఒప్పించారు. ఈ భోజనం అయ్యాక వాటిని తీసుకెళ్ళడానికే ఆయన అసలు వచ్చింది. ఆ ముక్క రాజమండ్రిలో మాకు చెప్పలేక బానెట్ వేసేశారు.

"వద్దండీ, మీకిచ్చిన మాట మీదే," అన్నాను. మా ఆయన ఆకు వైపు చూస్తూ, "అమ్మేస్తాంలే సుధా, ఇంగ చాలు," అన్నారు. కోపంగా కాదు. నన్ను ఓదారుస్తున్నట్టు అన్నారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

రాజు గారు పెరుగన్నం ఆఖరి ముద్ద తిని, ఆకు మడిచారు.

"నా కారు గట్టు ఎక్కకపోతే నేను బండి మీద ఎళ్తానండి," అన్నారు. "సార్ నడుం ఎక్కకపోతే ఆయన దేని మీద ఎళ్తారు? శేషగిరి గారూ, తీయించండి అవి."

"రాజు గారూ..."

"ఆయ్, ఊరుకోండక్కా. మీ కారు అమ్మేస్తే గ్రూపులో నన్ను తిట్టేదెవరు?"

నేను ఏడ్చేశాను. దాచుకోవడానికేముంది, అందరి ముందూ ఏడ్చేశాను. కామేశ్వరి గారు ఇంకో గరిటె పెరుగు వేశారు.

ఊక గదిలో గోతాం విప్పితే, గ్రీజు పూసి గుడ్డలో చుట్టిన నాలుగు స్ప్రింగులు ఊకలోంచి బయటపడ్డాయి. ఒక్క తుప్పు మచ్చ లేదు. మిల్లు లారీలు బాగుచేసే షెడ్డులోనే పని మొదలైంది. స్ప్రింగు నొక్కి పట్టే పనిముట్టు మురళి గారి డిక్కీలో ఉంది. ముగ్గురు ఓనర్లూ, నేనూ చుట్టూ నిలబడి తలా ఒక సలహా ఇస్తుంటే, మెకానిక్ విసిగిపోయి, "మీరంతా లోపలికెళ్ళి టీ తాగండి బాబూ," అని గేటు వేసేశాడు.

బంపరు కింది రేకు ఊడదీసినప్పుడు ఇంకో దోసెడు వడ్లు జలజలా రాలాయి. శేషగిరి గారు వాటిని ఏరి చేతిలో పోసుకుని, ఎక్కడివని అడిగారు. సత్యవతి గారి సంగతి చెప్పాను. "ఆ కాలవ గట్టువా? అయితే ఎలాగూ మా మిల్లుకే వస్తాయండి. మీరు కాస్త ముందు తెచ్చారంతే," అన్నారు. ఆ రోజంతా ఆయన వేసిన జోకు అదొక్కటే.

సాయంత్రానికి కారు చక్రాల మీద లేచి నిలబడింది. కాలవ దాటడానికి పరికిణీ పైకెత్తి పట్టుకున్న ఆడపిల్లలా ఉంది. "అందం పోయిందండి," అని రాజు గారు నిజంగానే బాధపడ్డారు. నాకూ కాస్త మనసు కలుక్కుమంది. స్ప్రింగులకు డబ్బు ఎంతివ్వాలని అడిగితే శేషగిరి గారు వినిపించుకోలేదు. నా పొట్టి స్ప్రింగులకు ఆయనే గ్రీజు పూయించి, అదే గోతాంలో, అదే ఊకలో పెట్టించారు.

"ఇవిక్కడే ఉంటాయండి. మళ్ళీ మనసు మారిన రోజు భోజనానికి వచ్చి పట్టుకెళ్దురుగాని," అన్నారు.

మొగల్తూరు దారిలో

మర్నాడు పొద్దున కామేశ్వరి గారు కట్టిన తాపేశ్వరం కాజాల డబ్బాతో బయలుదేరాం. రాజు గారి నీలం కారు ముందు, మాది వెనక. రావులపాలెం దగ్గర గోదావరి మళ్ళీ దాటాం. ఈసారి మా ఆయన కళ్ళు తెరిచే ఉన్నారు. "గౌతమి," అన్నారు. ఇంకో బ్రిడ్జి దగ్గర "వశిష్ఠ," అన్నారు. తరవాత పెనుగొండ, పాలకొల్లు... బోర్డులన్నీ వరసగా చదవడం మొదలుపెట్టారు. నేను వింటున్నాను గానీ ఏమీ అనలేదు. అంటే ఎక్కడ ఆపేస్తారోనని భయం.

నరసాపురం దాటాక గొంతు ఆగింది. నొప్పొచ్చిందేమో అనుకున్నాను. తిరిగి చూస్తే తల కిటికీకి ఆనించి, నోరు కాస్త తెరిచి, గురక. ఆ కారు కొన్నాక ఆయన అందులో నిద్రపోవడం అదే మొదటిసారి. చిన్న గతుకు వచ్చింది. కారు మెత్తగా ఎక్కి దిగింది. గురక ఆగలేదు.

రాజు గారు మలుపు దగ్గర ఆగి చెయ్యి ఊపుతున్నారు. నేను ఆగకుండా దాటిపోయాను. వెంటనే ఫోను మోగింది. పక్కకు తీసి మెల్లగా ఎత్తాను.

"అక్కా, మా ఇంటి మలుపు దాటేశారు!"

"తెలుసు. నిద్రపోతున్నారు."

"అయితే పోనివ్వండక్కా, పోనివ్వండి," అన్నారు రాజు గారు గుసగుసగా, అక్కడ ఆయన గొంతు ఎవరినో లేపేస్తుందన్నట్టు. "సముద్రం దాకా రోడ్డుంది."

సముద్రం దాకా వెళ్ళి, ఇంజను ఆపకుండా సరుగుడు చెట్ల నీడలో కాసేపుంచి, వెనక్కొచ్చాను. మా ఆయన మలుపు దగ్గర లేచి, "వచ్చేసినామా?" అన్నారు. ఇప్పుడేనన్నాను.

రాజు గారు నీలం కారును పాకలో పెట్టి, మోటారు సైకిల్ తీశారు. చెరువుల మధ్య మట్టి గట్టు మీద ఆయన ముందు బండి మీద, వెనక మేం కారులో. గట్టు మధ్యలో మట్టి ఎత్తుగా ఉంది. ఎక్కడా అడుగు తగల్లేదు. ఆయన వెనక్కి తిరిగి బొటనవేలు చూపించి నవ్వారు. ఆయన ఎక్కాల్సిన గట్టు మేం ఎక్కాం. మా ఆయన ఆ దుమ్ములో ఊగుతున్న చొక్కా వీపునే చూస్తూ కూర్చున్నారు. రాజు గారింట్లో చేపల పులుసు తిన్నాం, రొయ్యల వేపుడు తిన్నాం. వాటి రుచి గురించి చెప్పాల్సింది చాలా ఉంది గానీ, నాకు బాగా గుర్తున్నది ఆ చొక్కా వీపే.

ఇంటికొచ్చాక

వచ్చిన మర్నాడే బ్రోకరు ఫోన్ చేశాడు. నేను వంటింట్లో ఉన్నాను, మా ఆయన ఎత్తారు. పార్టీ సిద్ధంగా ఉందని, రేటు కూడా పెంచుతారని చెబుతున్నాడు. స్పీకరులో వినపడుతోంది.

"అమ్మట్లేదండి," అన్నారు మా ఆయన. అనంతపురం మనిషి నోట ఆ 'అండి' వినగానే నా చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏం సార్, మనసు మారిందా?"

"అమ్మట్లేదండి. అది సరే గానీ, మీకు పాత ఇనుము వాళ్ళు, గ్యారేజీల వాళ్ళు బాగా తెలుసు కదప్పా. ఆ మోడల్‌వి నాలుగు పొడుగు స్ప్రింగులు యాడన్నా ఉన్నాయేమో చూడండి. హిందూపురం, బళ్ళారి, యాడున్నా సరే, నేనే పోయి తెచ్చుకుంటా."

"మీ బండికేనా సార్?"

"మాక్కాదు," అన్నారు మా ఆయన. "మొగల్తూరులో ఒకాయన ఇంకా మోటారు సైకిల్ మీద ఇంటికి పోతున్నాడు."